అగ్నిగణనము: సూళగిరి సీమ పొయ్యిలను గూర్చి

(స్మారకోపన్యాసము)



ఎవరి సంస్మరణార్థము మన మిచట సమావేశమైతిమో ఆ పెద్దల పేరు మీలో ఎరుగనివారు లేరు. సభలలో తన పేరు పలుమారు పలుకబడుట ఆయనకు జీవించినంతకాలము కిట్టలేదు గనుక ఆ మర్యాదను నేనును పాటించి, ఆయన వృత్తిని మాత్రము స్మరింతును. ఆయన బాయిలరు అటెండెంటు. తెలుగు బడిలో చదువుకొని, మామిడిగుజ్జు తీయు కర్మాగారములలో కట్టెల బాయిలర్ల యెదుట వయస్సంతయు గడపి, తన పొదుపునుండి పిల్లల చదువులకు ధనమిచ్చి పోయినవాడు. అట్టివాని పేర వెలసిన వేదికనుండి మాటలాడువాడు మంటను గూర్చి మాటలాడుటయే న్యాయమని తలచి, పరిశ్రమలలోని దహనక్రియను గణితముచే రూపించు శాస్త్రమును, అనగా ఇంజనీర్లు సి.ఎఫ్.డి. యని పొడి యక్షరములతో పిలుచు గణన ప్రవాహ గతిశాస్త్రమును, నేటి ప్రసంగమునకు విషయముగా గైకొంటిని.

సూళగిరి బెంగుళూరునుండి చెన్నైకి పోవు రాజమార్గముమీది ఊరు. పడమట హోసూరు, తూర్పున కృష్ణగిరి. రాగికిని, మామిడికిని, చింతకును పేరుపడిన ఈ మెట్టసీమకు హోసూరు పారిశ్రామికవాడ వెలసిన పిమ్మట రూపు మారినది. 1980లో అశోక్ లేలండువారి లారీల కర్మాగారము హోసూరున నెలకొన్నది. అదే యేట టీవీయస్ వారి 50 సీసీ మోపెడు అచటినుండియే వీధులలోనికి వచ్చినది. అటుపిమ్మట గడియారములు, ప్రెషరు కుక్కర్లు, విడిభాగములు, ఇటీవల విద్యుద్వాహనములు వచ్చినవి. తూర్పువైపున, కృష్ణగిరి చుట్టును, తోతాపురి కాయను గుజ్జుచేసి డబ్బాలకెత్తు కర్మాగారములు వేసవికారు వచ్చినంతనే మేల్కొని, కాయ నిండుకొనువరకు రేయింబవళ్లు ఆవిరి గోరుచుండును. ఇట్లు మన సీమలో రెండువిధములైన మంటలు గలవు: ఇంజను సిలిండరులో రెప్పపాటునకంటె తక్కువ కాలమున పుట్టి అణగిపోవు మంట యొకటి, ఇటుకగోడల నడుమ గంటల తరబడి మండు కట్టెమంట రెండవది. ఈ రెంటికిని వర్తించు సమీకరణము లొక్కటియే. మొదటిదానికి గణితజ్ఞుల సేవ పుష్కలముగా లభించినది. రెండవదాని గడప నింతవరకు గణితము త్రొక్కలేదనియే చెప్పవచ్చును. ఈ వ్యత్యాసము న్యాయము కాదనియు, దానిని తొలగించుట మన చేతిలోనే యున్నదనియు నా వాదము.

మొదట కట్టెమంటనే చూతము. కట్టె మండుచున్నదని మన మందుము గాని, ఆ మంటలో అధికభాగము కట్టెది కాదు, కట్టెనుండి లేచిన వాయువులది. వేడి సోకినంతనే లోపలి తడి ఆవిరియగును; తరువాత సుమారు 250 డిగ్రీల సెంటీగ్రేడు దాటినకొలది కట్టెపదార్థము విచ్ఛిన్నమై వాయువులుగను తారు ఆవిరులుగను పైకి లేచును. ఎండుకట్టె తూకములో నూటికి 75 మొదలు 80 పాళ్ల వరకు ఈ రీతిగా వాయురూపము నొందగా, మిగిలిన బొగ్గు మాత్రమే గ్రేటు కమ్ములమీద నిలిచి నిదానముగా కాలును. కాబట్టి గ్రేటు అడుగునుండి పంపిన గాలి బొగ్గును మండించుటకు పనికివచ్చునే గాని, పైకి లేచిన వాయురాశిని మండించుటకు గ్రేటునకు పైన, మంట యున్నచోటనే, వేరుగా గాలి కావలసియుండును. ఇక తడి సంగతి. ఒక కిలో ఎండుకట్టెలో సుమారు 18 మెగాజౌళ్ల వేడి యుండగా, సగము తూకము నీరైన పచ్చికట్టె కిలోకు మనకు చిక్కునది 8 మెగాజౌళ్లకు మించదు. ఏలయన కట్టెపాలు సగమగుటయే కాక, కిలో నీటిని ఆవిరిచేయుటకు 2.4 మెగాజౌళ్ల వేడి వ్యయమగును. పచ్చికట్టెను చవుకగా కొంటిమని సంతోషించు యజమాని నీటిని కొని, దానిని కాచుటకు మరల ధనము వెచ్చించుచున్నాడు.

కిలో ఎండుకట్టె పూర్తిగా మండుటకు ఇంచుమించు 6 కిలోల గాలి వలయును. గాలి తక్కువైనచో కార్బన్ మోనాక్సైడును మసియు పొగగొట్టమున పోవును. ఎక్కువైనచో పొయ్యి చల్లబడి, కాచిన గాలియే పొగగొట్టమున పోవును. ఇంతవరకు త్రాసును, కూడిక తీసివేతలును చాలును. అయితే ఒకే కొలత గాలిని రెండు బాయిలర్లకు సమముగా పంపినను, ఒకదాని పొగ తెల్లగను రెండవదాని పొగ కాటుకవలె నల్లగను లేచుట పనివారెల్లరు నెరిగినదే. ఎంత గాలి యను ప్రశ్నకు త్రాసు సమాధానము చెప్పును; ఎచటి గాలి, ఎంత వేగముతో, ఏ దిక్కుగా వచ్చి ఏ వాయువుతో ఎంతసేపు కలసినది యను ప్రశ్నకు అది మూగ. మనము స్మరించుచున్న పెద్దలు ఈ విషయమును తమ మాటలలో ఇట్లు చెప్పెడివారు: “మంట ఎగిరేటప్పుడు గాలి పైన కావల్ల సామీ, అడుగున కాదు. పొగ నల్లగా లేచినాక తెరిచి ఏం ఫలం?” ఈ రెండు వాక్యములలో దహనశాస్త్రమున సగము గలదు, మిగిలిన సగము, ఆ పైన యనునది గోడమీద ఏ యెత్తున, ఎన్ని రంధ్రములుగా నుండవలెనో నిర్ణయించుట. అందుకే గణనము అవసరమైనది.

ద్రవవాయువుల చలనమును శాసించు సమీకరణములు కొత్తవి కావు. ఫ్రాన్సు దేశీయుడు నావియే 1822లోను, ఆంగ్లద్వీపములవాడు స్టోక్సు 1845లోను వానిని నిర్మించిరి. వేడి పెరిగినకొలది రసాయనక్రియ యెట్లు విజృంభించునో స్వీడను శాస్త్రజ్ఞుడు అర్హీనియస్ 1889లో సూత్రీకరించెను. సమీకరణములు చేతనుండియు, నిజమైన పొయ్యికి వానిని సాధింపలేకపోవుటకు కారణము, అవి యొకదాని నొకటి పెనవేసికొనియుండుటయే: గాలి కదలికవలన మంట మారును, మంట వేడివలన గాలి వ్యాకోచించి దాని కదలిక మారును, ఆ వేడి గోడలకు ప్రసరించి మరల మంటను మార్చును. కాగితముమీద సాధ్యము కాని యీ చిక్కును గణనము వేరొక మార్గమున విప్పును. చెరువుక్రింది ఆయకట్టును మళ్లుగా విభజించి, ఒక్కొక్క మడిలోనికి వచ్చిన నీరెంత, పోయిన నీరెంత, నిలిచిన నీరెంత యని నీరుగంటివాడు లెక్క చూచుకొనునట్లు, పొయ్యి లోపలి ఆకాశమును లక్షలాది చిన్న గళ్లుగా విభజించి, ప్రతి గడికిని గాలి, వేడి, వేగము, ఇంధనవాయువు, ప్రాణవాయువు అనువాని రాకపోకలను సరిచూచి, అన్ని గళ్లలోను లెక్క కుదురువరకు మరల మరల సవరించుటయే ఈ శాస్త్రము.

ఈ మార్గమును మొదట నడచినవాడు పొయ్యిని గాక ఆకాశమునే ఎంచుకొనెను. లూయీ ఫ్రై రిచర్డ్‌సన్ 1922లో ప్రకటించిన గ్రంథమున, వాతావరణమును గళ్లుగా విభజించి చేతిలెక్కతో ఆరు గంటల తరువాతి స్థితిని సాధింపబూనెను; వాయుపీడనము 145 హెక్టోపాస్కలులు మారునని లెక్క తేలినది గాని, నిజమునకు ఆనాడు పీడనము దాదాపు మారనే లేదు. ఆయన నిరుత్సాహపడక, 64,000 మంది లెక్కగాండ్రు కూర్చుండి ప్రపంచవాతావరణమును లెక్కించు మహాశాల నొకదానిని ఊహించి వర్ణించెను. తప్పిన లెక్కను దాచక అచ్చువేయించిన ఆ ధైర్యము నేటి వారిలో తరచుగా కానరాదు.

గళ్లు ఎంత చిన్నవి కావలెను? ఇచట సుడుల సమస్య యెదురగును. పొయ్యిలోని గాలి సాఫీగా పోదు. పెద్ద సుడులు చిన్న సుడులుగను, అవి మరింత చిన్నవిగను విడిపోవుచు, తుదకు గాలి జిగటవలన అణగిపోవును. రష్యా గణితవేత్త కొల్మగొరోవ్ 1941లో చూపిన సిద్ధాంతము ననుసరించి, ప్రవాహపు వేగమును పరిమాణమును జిగటతో పోల్చి చూపు రెనాల్డ్సు సంఖ్య ఒక లక్షయైన ప్రవాహమున ప్రతి సుడిని పట్టవలెనన్న సుమారు 18,000 కోట్ల గళ్లు కావలెను. మహాగణనయంత్రములున్న ప్రయోగశాలలకు తప్ప అది అందరాని పండు. కావున ఇంజనీర్లు సుడులను ఒక్కొక్కటిగా లెక్కింపక, వాని సగటు ప్రభావమును మాత్రము అంచనావేయు ఉపాయమును ఆశ్రయించిరి.

ఆ ఉపాయములకు పుట్టినిల్లు లండనులోని ఇంపీరియల్ కళాశాల. అచటి పరిశోధకులకు పెద్ద బ్రయన్ స్పాల్డింగ్. 1923లో జన్మించి 2016లో గతించిన ఈ మహానుభావుని శిష్యులలో అగ్రగణ్యుడు మన దేశీయుడే యగుట సంతోషకరము. పూనా ఇంజనీరింగు కళాశాలలోను, బొంబాయి ఐ.ఐ.టి.లోను చదివిన సుహాస్ పాటణ్‌కర్, స్పాల్డింగుతో కూడి 1972లో పీడనమును వేగమును పొందుపరచి సాధించు ‘సింపుల్’ అను పద్ధతిని ప్రకటించెను. నేడు లోకమున నడచుచున్న దహనగణనములలో ఎన్నిటికో మూలము ఆ పద్ధతియో, దాని సంతానమో. 1974లో లాండరు, స్పాల్డింగులు సుడుల శక్తిని, దాని క్షయమును లెక్కించు రెండు సమీకరణముల నమూనాను స్థిరపరచిరి. అందు 0.09, 1.44, 1.92 అను స్థిరాంకములు గలవు. ఇవి శాస్త్రమునుండి నిగమించినవి కావు. గోడవెంట పారు ప్రవాహములు, జల్లెడ దాటి క్షీణించు సుడులు మొదలగు సరళమైన ప్రయోగములనుండి ఏరుకొన్నవి. అవియే సంఖ్యలను నేడు మామిడిగుజ్జు బాయిలరుకును, సిమెంటు బట్టీకిని, లారీ ఇంజనుకును మార్పులేక వాడుచున్నారు. వాడుట తప్పని నే ననను. వేదవాక్యములుగా వాడుట తప్పందును. తిరుగుడుగాలి బలముగానున్న బర్నరులలో ఈ నమూనా దారితప్పునని దానిని నిర్మించినవారికే తెలియును.

సుడులకంటె గడుసైనది రసాయనక్రియ. దీనికి స్పాల్డింగు 1971లో, మాగ్నుసెన్, యెర్టాగరులు 1976లో సూచించిన మార్గము సాహసోపేతమైనది: పొయ్యిలో వేడి అధికము గనుక రసాయనక్రియ క్షణములో ముగియును, ఆలస్యమంతయు ఇంధనము గాలితో కలియుటలోనే యున్నది, కాబట్టి కలసినది కాలినదిగా నెంచవచ్చును. ధగధగ మండు గ్యాసు బర్నరునకు ఈ ఊహ చక్కగా సరిపోవును. తెల్లవారుజామున చల్లని పొయ్యిలో తడికట్టె పేర్చి రాజబెట్టిన బాయిలరునకు సరిపోదు. సుమారు 800 డిగ్రీలకు దిగువన కార్బన్ మోనాక్సైడు మండుట మందగించును. గణనము మాత్రము కలసినది గనుక కాలినదని ప్రకటించి, యంత్రముయొక్క తెరమీద స్వచ్ఛమైన పొగగొట్టమును చూపుచుండగా, వెలుపల పల్లెమీద నల్లని పొగ క్రమ్ముచుండును. వేడివలన పుట్టు నత్రజని ఆక్సైడుల విషయమున చిక్కు చల్లని చోట గాక వేడిచోట గలదు: జెల్దోవిచ్ 1946లో వివరించిన ఆ క్రియ సుమారు 1,500 డిగ్రీలు దాటిననే విజృంభించును గనుక, సగటు ఉష్ణోగ్రతను మాత్రమెరిగిన గణనము పొయ్యిలో ఎచటనో ఒక మూలనున్న మిక్కిలి వేడి తావును విస్మరించి, లెక్కను తక్కువచేయును. రంగురంగుల చిత్రములను చూచి మురియు యజమానులును, ఆ చిత్రములనే ప్రాజెక్టు నివేదికలలో అతికించు విద్యార్థులును ఈ రెండు సంగతులను మరువరాదు.

హోసూరు ఇంజనుల మాట కొద్దిగా చెప్పి ముందునకు పోదును. నిమిషమునకు 2,400 చుట్లు తిరుగు లారీ ఇంజనులో పిస్టను ఒకసారి దిగుటకు పట్టు కాలము సెకనులో 80వ వంతు. ఆ వ్యవధిలో డీజెలు తుంపరలై, ఆవిరియై, గాలితో కలసి, అంటుకొని, కాలి, పని ముగింపవలెను. ఇట్టి మంటను కంటితో చూచి దిద్దువాడెవడు? అందుచేత లాస్ ఆలమస్ ప్రయోగశాలలో 1980ల దశకమున రూపొందిన ‘కీవా’ వంటి గణనసాధనములు లోకమందలి ఇంజను పరిశ్రమకు చూపునిచ్చినవి. ఇంతటి శ్రద్ధకు వెనుక చట్టముయొక్క ఒత్తిడియు గలదు. భారత్ స్టేజి 4 నిబంధనలలో భారీ డీజెలు ఇంజనునకు ఒక యూనిటు (కిలోవాట్-గంట) పనికి 3.5 గ్రాములుగా అనుమతించిన నత్రజని ఆక్సైడులు, 2020 ఏప్రిలు 1న అమలైన స్టేజి 6లో 0.4 గ్రామునకు దిగినవి. ఈ తగ్గుదల అంతయు సిలిండరులోనే సాధ్యమైనది కాదు. పొగగొట్టమున యూరియా ద్రావణమును చిమ్మి శుద్ధిచేయుటయు అందు గలదు. ఆ చిమ్ముటకు సయితము గణనమే దారి చూపవలసి వచ్చినది. 2019 జూలైలో హోసూరు టీవీయస్ వారు కేవల ఇథనాలుతో నడచు మోటారుసైకిలును విడుదలచేసిరి. పెట్రోలు కిలోకు 14.7 కిలోల గాలి వలసియుండగా ఇథనాలుకు 9 కిలోలు చాలును. ఆవిరియగుటకు మాత్రము అది పెట్రోలుకంటె రెండింతలకు పైగా వేడిని కోరును. ఇంధనము మారినచో మంటయే మారును. మంట మారినచో లెక్క మొదటికి వచ్చును.

తెలుగునాట దహనగణనమునకు అతి గొప్ప పరీక్షాస్థలము బొగ్గు. 1983లో తొలి యూనిటు నడచిన రామగుండము ఎన్.టి.పి.సి. మొదలగు కేంద్రములలో మండు భారతీయపు బొగ్గున నూటికి 30 మొదలు 45 పాళ్ల వరకు బూడిదయే యుండును. తక్కువ బూడిదగల పరదేశపు బొగ్గునకు సరిచూచిన నమూనాలు ఇచట నేరుగా చెల్లవు. విశాఖ ఉక్కు కర్మాగారమున గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ యను పేర్లతో వెలసిన బ్లాస్టు ఫర్నేసులను తలచుకొన్నను ఇదే సంగతి: అట్టి కొలిమిలోనికి చిమ్మిన పొడిబొగ్గునకు మండుటకు దొరకు కాలము సెకనులో నూరవ వంతుల లెక్క, అచట కొలతకడ్డీ పెట్టుటయే దుస్సాధ్యము గనుక గణనము తప్ప గత్యంతరము లేదు. వీనిని గూర్చి నాకంటె బాగుగ చెప్పగలవారు అచటనే యున్నారు.

ఇప్పుడు ముఖ్యవిషయమునకు వత్తును. గణనమును నమ్మదగినదిగా చేయునది గణనయంత్రము కాదు, కొలత. ఈ సత్యమును గుర్తించియే 1948లో హాలండు దేశపు ఐముయిడెన్ పట్టణమున అంతర్జాతీయ జ్వాలా పరిశోధన సంస్థ వెలసి, నిజమైన పారిశ్రామిక పరిమాణముగల కొలిమిలలో మంటలను కొలుచుట కారంభించినది. 1996లో నేపుల్సు నగరమున ప్రారంభమైన గోష్ఠిపరంపరలో, పలుదేశముల గణితజ్ఞులు ఒకే మంటను ఎవరి నమూనాతో వారు లెక్కించి, కొలతలతో పోల్చి, ఎవరిది ఎచట తప్పినదో బహిరంగముగా చర్చింపసాగిరి. ఇది శాస్త్రమునకు తగిన నడవడి. మన కృష్ణగిరి కట్టె బాయిలరును ఎవరు కొలిచిరి?

కొలుచుట సయితము సులభము కాదు. సామాన్యమైన థర్మోకపులును మంటలో దూర్చినచో, చుట్టునున్న నీటిగొట్టములకు అది తన వేడిని ప్రసరించి, వాయువుయొక్క నిజమైన ఉష్ణోగ్రతకంటె నూరు డిగ్రీలకు పైగా తక్కువ చూపవచ్చును. వేడివాయువును వేగముగా పీల్చి, కవచములోపల కొలుచు సాధనము కావలెను. అంతకంటె ముఖ్యమైనవి గణనమునకు అంచులలో ఇయ్యవలసిన వివరములు. కట్టెలో తడి ఎంత? గ్రేటుమీద పేర్పు ఎంత మందము? తలుపు ఎంతసేపటి కొకసారి తెరతురు, తెరచినప్పుడు ఎంత చల్లగాలి చొరబడును? ఇటుకగోడ ఎచట బీటవారినది? ఫాను డాంపరు నిజముగా కదలుచున్నదా, లేక తుప్పుపట్టి సగములో నిలిచిపోయినదా? ఈ ప్రశ్నలకు ప్రపంచమునందలి ఏ గ్రంథమునను జవాబు లేదు. బాయిలరు అటెండెంటు నోట నున్నది. ఆయనను అడుగక గీచిన నమూనా, గళ్లు కోటి యున్నను, కర్మాగారపు నక్షాను లెక్కించుచున్నదే గాని కర్మాగారమును కాదు. మన ఇంజనీరింగు కళాశాలలు ఆయనను శ్రామికునిగా మాత్రమే చూచుట నాకు బాధాకరముగా తోచును. పరిశోధనపత్రమున ఆయన సహరచయిత కాదగినవాడు.

ఇందుకు వలసిన విద్య దూరమున లేదు. ఈ రాజమార్గమున ఒక కొసనున్న బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థలో జీవద్రవ్య దహనముపై దశాబ్దములుగా పరిశోధన సాగుచున్నది. కట్టెను వాయువుగా మార్చు యంత్రములును, పొదుపుపొయ్యిలును అచట రూపొందినవి. మరియొక కొసనున్న చెన్నై ఐ.ఐ.టి.లో జాతీయ దహన పరిశోధన కేంద్రము గలదు. గణనమునకు వలసిన ‘ఓపెన్‌ఫోమ్’ అను సాధనము 2004 నుండి ఉచితముగా ఎల్లరకు లభించుచున్నది. లైసెన్సు రుసుమునకు ధనము లేదన్న సాకు చెల్లదు. సూళగిరి ఈ రెండు విద్యాస్థానముల నడుమ నున్నది. అయినను ఇచట లారీలు మాత్రమే ఆగుచున్నవి, ఆ విద్య ఆగుట లేదు.

కాబట్టి యజమానులకు నా విన్నపము. రాబోవు మామిడికారునకు ముందుగా, ఒక్క కర్మాగారమువారైనను, తమ బాయిలరు పొయ్యి ఇటుకగోడలోను పొగగొట్టములోను కొలతకడ్డీ దూరునంత రంధ్రములను, మూతతో సహా, పెట్టింపుడు. ఆవిరిపీడనము నోర్చు గొట్టముల జోలికి మాత్రము బాయిలరు ఇన్‌స్పెక్టరుగారి అనుమతి లేక పోవలదు. వచ్చిన ప్రతి బండి కట్టెనుండి ఒక ముక్కను తూచి, ఎండబెట్టి, మరల తూచి, తడి యెంతయో పుస్తకమున వ్రాయింపుడు. గుట్టలుగా పడియుండు మామిడిటెంకలు ఎండించిన పిదప ఈ పొయ్యిలలో మండింపదగునా యను ప్రశ్నకును ఈ పుస్తకమే మొదటి జవాబు నీయగలదు. కళాశాలల అధ్యాపకులు తమ చివరియేటి విద్యార్థులను ఇద్దరిని కారు ముగియువరకు అచట కూర్చుండనీయవలెను. వారు తొలిదినమున గణనయంత్రమును తెరువక, అటెండెంటు ప్రక్కన నిలిచి తలుపు ఎప్పుడు తెరచుచున్నాడో వ్రాసికొనవలెను. ఆ కొలతలను, సరిపడిన లెక్కలను, తప్పిన లెక్కలను కూడ, తెలుగులోను తమిళములోను అచ్చువేసి ఇతర కర్మాగారములకు పంచుటకు ఈ ఉపన్యాసనిధినుండి కొంత వెచ్చింపవలెనని నిర్వాహకులను ప్రార్థించుచున్నాను.